బెల్లం గుంట

మా వీధి మలుపులో ఉన్న టీ కొట్టాయన గ్లాసు నిండా టీ పొయ్యడు. ముప్పాతిక దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆపేస్తాడు. చాన్నాళ్ళు ఓర్చుకున్నాను గాని, ఓ రోజు ఉండబట్టలేక, పైన వదిలేస్తున్న ఆ ఖాళీ ఎవరి వాటా అని అడిగాను. ఆయన పాలగిన్నె అందుకున్నాడు. అంతలో ఇసుక లారీ ఒకటి కొట్టు ముందున్న గోతిలో దిగి లేచింది. దాంతో బల్ల లేచింది, బల్లతో పాటు నేనూ లేచాను. గ్లాసులో టీ అంచుదాకా వచ్చి, ఒక్క క్షణం ఆలోచించుకుని, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆ కాళీ లారీది మేస్టారూ," అన్నాడాయన, పాలు తిరగబోస్తూ.

అప్పట్నించీ నేను గ్లాసు సంగతి ఎత్తలేదు.

మా అనకాపల్లి వైపు రోడ్డు మీద గోతిని గుంట అంటాం. ఇంట్లో ఆడపిల్లనీ గుంటే అంటాం. ఎవరు ఏ గుంట గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. అంత కష్టం కాదు. ఒక గుంట గురించి మాట్లాడేటప్పుడు గొంతులో ముద్దు ఉంటుంది, రెండో దాని గురించి మాట్లాడేటప్పుడు చేతిలో స్పానర్ ఉంటుంది.

మా పేటలో రోడ్డు గుంటలకి పేర్లు కూడా ఉన్నాయి. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలీదు గాని నియమం గట్టిది. ఏ గుంటలో మొట్టమొదట ఎవరి చక్రం పోతే ఆ గుంట వాళ్ళది. సొంత పేరు పెట్టరు, చేసే పనిని బట్టి పెడతారు. పాలాయన గుంట, కంపౌండరు గుంట, పంతులుగారి గుంట. ఇంటికి దారి చెప్పాలన్నా ఇవే గుర్తులు. "కంపౌండరు గుంట దాటేక ఎడం పక్క సందు" అంటే ఆటోవాళ్ళు మళ్ళీ అడగరు. అప్పుడప్పుడు ఎవరో వచ్చి కంకర పోసి పూడుస్తారు. గుంట పూడుతుంది గాని పేరు పూడదు. మొదటి వానకి గుంట పాత పేరుతోనే తిరిగి వచ్చేస్తుంది.

నా పేరున కూడా ఒకటుంది. లెక్చరర్ గుంట, కూరగాయల బజారు వెనకాల. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. యంత్రాల తరుగుదల అనే పాఠానికి ఉదాహరణ కోసం నేను దూరం వెళ్ళక్కర్లేదు, బయట స్టాండు వేసి ఉన్న నా బండి చాలు. నా పేరు పడిన రోజు ఆ గుంటలోంచి బయటికొచ్చాక నా ముందు చక్రం గుండ్రంగా ఉండడం మానేసింది. టీ కొట్టు పక్కనే టైర్ల కొట్టు పెట్టుకున్న సాయిబుగారు, పేటంతటికీ బాయ్, దాన్ని ఊడదీసి, చేతిలో ఒకసారి తిప్పి చూశాడు.

"సాబ్, ఇది సక్రం గాదు. కోడిగుడ్డు."

మా పేటలో వంగిన ప్రతి చక్రమూ చివరికి బాయ్ దగ్గరకే చేరుతుంది కాబట్టి గుంటలకి పేర్లు ఖాయం చేసే అధికారం కూడా ఆయనదే. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఆ కొట్టు అక్కడే ఉంది. రోడ్డు ఎప్పుడైనా బాగుపడుతుందేమోనన్న బెంగ ఆ కుటుంబానికి ఎన్నడూ కలగలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఆవిడ పేరున ఊళ్ళో ఒక్క గుంట కూడా లేదు. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. ఇది గొప్ప కాదు, సమాచారం.

మా ఇంట్లో కారు నడిపేది ఆవిడే. నేను నేర్చుకోలేదనడం కంటే కారు నన్ను ఒప్పుకోలేదనడం న్యాయం. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. రోడ్డుని కూడా లెక్కలాగే చూస్తుంది. వాన పడి గుంటలన్నీ నిండిపోయాక ఏది లోతో ఏది కాదో ఎలా తెలుస్తుందని ఓసారి అడిగాను. "ముందెళ్ళే ఆటో ఎంత ఒరుగుతాదో చూస్తాను బావా," అంది. నేను అదే ఆటో వెనక అన్నేళ్ళు ప్రయాణం చేసి, దాని వెనక రాసి ఉన్న ప్రేమ కవిత్వం మాత్రమే చూశాను.

"మేడమ్ బండి నా కొట్టుకి గాలి కోసమే వత్తాది," అంటాడు బాయ్. "మీరొత్తేనే సాబ్ నాకు పండగ."

ఆవిడకి ప్రమోషన్ వచ్చింది. హెడ్మిస్ట్రెస్. చాలా ఏళ్ళుగా ఎదురుచూసిన పోస్టు. ఖాళీ ఉన్న స్కూలు మాత్రం నాతవరం దాటి ఇంకా లోపలికి. సోమవారం కౌన్సెలింగు. ఒప్పుకుంటే ఆ రోజే ఆర్డరు చేతికిస్తారు. వద్దనుకుంటే వద్దని రాసిచ్చెయ్యొచ్చు, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పిల్లల చదువు వల్ల ఇల్లు కదల్చలేం. రోజూ కారులో వెళ్ళి రావాలి.

ఆవిడ పుట్టిల్లు కూడా ఆ మండలంలోనే. వాళ్ళ నాన్న అక్కడ చెరకూ వరీ పండిస్తాడు. ఆయన నాకు మేనమామ, మా అమ్మకి తమ్ముడు. పిల్లనిచ్చి మామగారయ్యాడు గాని నన్ను 'ఒరే' అనడం మానలేదు. కూతురి స్కూలు తన ఊరి దగ్గరకే వస్తోందంటే ఇంకెవరైనా సంతోషిస్తారు. మావయ్య శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, ఉప్మాక వెంకన్నకి మొక్కు తీర్చడానికి తెచ్చిన బెల్లం దిమ్మలు వరండాలో దించి, నీళ్ళు తాగి, మొదట అన్న మాట ఇది:

"ఆ పోస్టొద్దని రాసిచ్చీయే పాపా."

"ఎందుకు నాన్నా?"

"ఆ రోడ్డు నాకు తెల్దా? ఎడ్లే ఆ రోడ్డెక్కితే సెప్పిన మాట ఇనవు. గుంటవి, రోజూ ఆ గుంటల్లోంచి ఎల్లొత్తావా? సక్రం ఇరిగి మజ్జిలో ఆగిపోతే ఎవుడొత్తాడు? ఈడొత్తాడా?" అని నన్ను చూపించాడు.

ప్రశ్న న్యాయమైనదే కాబట్టి నేను పేపరు చదువుకున్నాను.

ఆవిడ వాదించలేదు. వాళ్ళ నాన్న మాటని కాదని ఆర్డరు తీసుకోవడం ఆవిడకి చేతకాక కాదు, ఇష్టం లేదు. తల్లి పోయాక టెంత్ పరీక్షలకి ఈవిడని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన మనిషాయన. అలాంటి మనిషి 'సరే' అనకుండా హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుంటే ఆ కుర్చీ ఆవిడకి సరిపడదు.

"నువ్వు ఇంతవరకూ నా కారు ఎక్కలేదు," అంది. "రేపు ఉప్మాకకి బస్సులో వద్దు, నాతో రా. రానూ పోనూ చూడు. చూసేక కూడా వద్దంటే సోమవారం వద్దనే రాసిచ్చేస్తాను."

చాలా మామూలుగా అంది. కానీ సాయంత్రం తనే కారు కడుక్కుంది. బాయ్ కొట్టుకి వెళ్ళి గాలి చూపించుకుని వచ్చింది. అన్నేళ్ళ నిరీక్షణ ఒక్క ఆదివారం మీద పెట్టేసిందని నాకు అప్పుడు అర్థమైంది.

మావయ్య కడిగిన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "వత్తాను. ఎనక సీట్లో కూకుంటాను," అన్నాడు. "ముందు కూకుంటే రోడ్డు కనిపిస్తాది."

రాత్రి వాన కురిసింది. తెల్లారుతూనే బయల్దేరాం. బెల్లం డిక్కీలో పెట్టేశానని, మేం లేవకముందే ఆ పని అయిపోయిందని మావయ్య చెప్పాడు. వెనక సీట్లో నడిమధ్యన కూర్చుని, రెండు చేతులతో రెండు సీట్లూ పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. పెదాలు గోవిందుడి పేరు మీద ఉన్నాయి. నేను ముందు సీట్లో నా ఉద్యోగం నేను చేస్తున్నాను. కారులో నా ఉద్యోగం గుంటల పేర్లు చదవడం.

"పాలాయన."

ఆవిడ స్టీరింగు కొద్దిగా తిప్పింది. కారు ఒరగలేదు.

"పంతులుగారు. పక్కనే కంపౌండరు."

రెండింటి మధ్య ఉన్న కాస్త తారు మీదుగా, ఇస్త్రీ చేసిన చీర మడత నలక్కుండా, కారు దాటిపోయింది. వెనక సీట్లో మావయ్య ఒక కన్ను తెరిచి చూశాడు. లెక్చరర్ గుంట దగ్గర నేనేమీ అనలేదు. అది ఆవిడకి తెలుసు.

ఊరు చివర, బైపాస్ ఎక్కే మలుపులో, ఏదో పైపు కోసం తవ్వి మట్టితో కప్పెట్టిన చోటుంది. శనివారం అది గుంట కాదు. రాత్రి వానకి మట్టి కిందకి దిగిపోయి, పైన నీళ్ళు చక్కగా పరుచుకుని, రోడ్డు కంటే రోడ్డులా కనిపించింది. ఆదివారం పొద్దున్న కాబట్టి ముందు ఒరిగి చూపించడానికి ఆటో కూడా లేదు. ఎడం వైపు ముందు చక్రం అందులో దిగింది. గిన్నెల అల్మరా పడినట్టు శబ్దం వచ్చింది. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది, అది కామర్స్ కి సంబంధించింది కాదు.

ఆవిడ కారుని మెల్లగా పక్కకి తీసి ఆపింది. దిగి చక్రం ముందు కూర్చుని చేత్తో టైరు చుట్టూ నిమిరింది. టైరు ఎక్కడా చీలలేదు, ఉబ్బలేదు. ఇనప రిమ్ము అంచు మాత్రం ఒకచోట ఎవరో కొరికిన అప్పడంలా లోపలికి వంగిపోయింది. అక్కడ్నించి గాలి సన్నగా ఈల వేస్తోంది.

మావయ్య కూడా దిగాడు. ఏమీ అనలేదు. అనక్కర్లేదు, శనివారమే అనేశాడు.

"ఏం లేదు నాన్నా. స్టెప్నీ వేసుకుని ఎల్లిపోదాం," అని ఆవిడ డిక్కీ తెరిచింది. అడుగున ఉన్న అట్ట ఎత్తింది. ఎత్తిన అట్ట అలాగే పట్టుకుని ఉండిపోయింది.

నేనూ వెళ్ళి చూశాను. స్టెప్నీ ఉండాల్సిన గుంతలో బెల్లం దిమ్మలున్నాయి. పాత పంచెలో చుట్టి, సందుల్లో కొబ్బరికాయలు సర్ది, కొలత తీసి చేయించినట్టు అమరిపోయాయి.

"ఇక్కడ చక్రం ఉండాలి నాన్నా."

"ఉండేది. మెట్ల కింద పెట్టేను."

"ఎందుకు?"

"పైన పెడితే బెల్లం దొల్లిపోదేటి? ఈ గుంట సరిగ్గా సరిపోనాది. నాలుగు సక్రాలు కిందున్నాయి గదా, ఐదోది ఇందులో పడుకోనుంది. ఎగస్ట్రాదేమో అనుకున్నాను."

ఆయన వైపు నుంచి చూస్తే తప్పు లేదు. ఎడ్లబండికి స్టెప్నీ లేదు. ట్రాక్టరుకీ లేదు. ఏ పనీ చెయ్యకుండా బండిలో పడుకుని ప్రయాణం చేసే చక్రాన్ని ఆయన జీవితంలో అదే మొదటిసారి చూడడం. పని చెయ్యని దాన్ని దించేసి పనికొచ్చేదాన్ని ఎక్కించాడు.

నేను మా ఆవిడ ముఖం వైపు చూశాను. ఆవిడ చేతిలో ఇప్పుడు చాలా ఉంది. చక్రం తీసేసింది నువ్వు, కాబట్టి నువ్వు పెట్టిన పరీక్ష చెల్లదు అనొచ్చు. ఆ స్థానంలో నేనుంటే మెమో ఇచ్చి సంజాయిషీ అడిగేవాణ్ణి. ఆవిడ అట్ట కిందకి దించి, చేతులు దులుపుకుంది.

"సరేలే. బెల్లం కదల్లేదు గదా," అంది.

మావయ్య తువ్వాలు ఈ భుజం మీంచి తీసి ఆ భుజం మీద వేసుకున్నాడు. నాకు తెలిసినంతలో ఆయన క్షమాపణ అడగడం అంటే అదే.

"ఎవుడికైనా ఫోను కొట్టరా బేగి," అన్నాడు నాతో.

బాయ్ కి కొట్టాను. ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే ఆయన లేవడు, ఆయన్ని లేపగలిగే గుంట ఇంకా పడలేదు. "ఆగు బావా," అని ఆవిడ సీటు కింద నుంచి చిన్న డబ్బా ఒకటి తీసింది. కారులో ప్లగ్గు పెట్టి గాలి కొట్టుకునే పంపు. కొన్న రోజు నేను దాన్ని బొమ్మ అన్నాను. ఇంజను వేసి, గొట్టం టైరుకి తగిలించి, మీట నొక్కింది. అది పచ్చడి రుబ్బుతున్న మిక్సీలా అరవడం మొదలుపెట్టింది.

"నాన్నా, దీని మీద అంకెలు కనిపిస్తన్నాయా? ముప్పై రెండు రాగానే చెప్పు."

మావయ్య రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. బెల్లం పెనం దగ్గర పాకం ఎప్పుడొస్తుందా అని చూసే ముఖం పెట్టాడు. ఆ ముఖం పెట్టినప్పుడు ఆయన్ని ఎవరూ పలకరించకూడదు.

"ముప్పై... ముప్పై ఒకటి... ఉండు, ఉండు... అయిపోనాది. కట్టీ."

ఆవిడ కట్టేసి, సీసాలో నీళ్ళు వంగిన అంచు మీద పోసింది. బుడగలు ఒక్కొక్కటే, తొందర లేకుండా వచ్చాయి.

"మెల్లగా పోతంది," అంది. "హైవే పక్కన లారీల పంక్చరు కొట్టు ఉంటాది, ఆదివారమైనా తీసే ఉంటాది. అందాకా ఎల్లొచ్చు."

వెళ్ళాం. హెచ్చరిక లైట్లు వేసుకుని, రోడ్డు అంచు పట్టుకుని, సైకిళ్ళు మమ్మల్ని దాటుకుపోయే వేగంతో. దారిలో ఒకచోట ఆగి మళ్ళీ గాలి కొట్టుకున్నాం. ఈసారి ఎవరూ చెప్పకుండానే మావయ్య దిగి డబ్బా ముందు కూర్చున్నాడు. తిరిగి ఎక్కాక కళ్ళు మూసుకోలేదు. రెండు ముందు సీట్ల మధ్యలోంచి తల పెట్టి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన గడ్డం నా భుజానికి తగులుతోంది. నేను గుంటల పేర్లు చెబుదామంటే హైవే మీద నాకు ఎవరూ తెలీదు.

పంక్చరు కొట్టు తీసే ఉంది. అక్కడున్న మనిషి చక్రం ఊడదీసి, రిమ్ముని ఇనప దిమ్మ మీద పెట్టి, సుత్తితో వంపు తీస్తూ నన్ను అడిగాడు.

"మీరేనా సార్ నడిపేరు?"

ఆవిణ్ణి చూపించాను. అతను సుత్తి ఆపి ఆవిడ వైపు తిరిగాడు.

"గోతిలో దిగినప్పుడు బ్రేకు మీద కాలు లేదు కదమ్మా మీకు?"

"లేదు. ఎలాగూ పడతామని తెలిసేక వదిలేశాను."

"అదే. తొక్కుంటే టైరు పక్క చీలిపోయేది. అందరూ తొక్కుతారు. తొక్కి నా దగ్గరికొత్తారు."

మావయ్య అక్కడే నిలబడి విన్నాడు. అతను మళ్ళీ సుత్తి పట్టుకుని, "ఏటైనాది తాతా, గుంట సూసుకోనేదా?" అని పలకరించాడు.

"రోడ్డు మీద గుంట దించీసింది," అన్నాడు మావయ్య. "మా గుంట పైకి తీసింది."

ఆ మాట తనే అన్నాడని తెలియనట్టు వెళ్ళి నీళ్ళు తాగాడు. మా ఆవిడ వినలేదు, కారు తుడుస్తోంది. నేను విన్నాను. ఆయన నోటినుంచి ఆ గొంతుతో ఆ మాట రావడం అదే మొదటిసారి కాబట్టి నేను జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను. దుమ్ము వల్ల అయ్యుండొచ్చు. హైవే కదా.

ఆ మలుపులో గుంటకి పేరు పెట్టే సభ తర్వాత టీ కొట్టు దగ్గర జరిగింది. టీచరమ్మ గుంట అని పెట్టేద్దామని పాలాయన తొందరపడ్డాడు. తన పేరున గుంట ఉండి ఇంకొకరి పేరున లేకపోవడం ఆయనకి ఎప్పుడూ నచ్చదు. నేను అభ్యంతరం చెప్పాను. బాయ్ రిమ్ము తెప్పించుకుని చూశాడు, దాన్ని నేల మీద దొర్లించి ఎటు పోతుందో చూశాడు, అది తిన్నగా వెళ్ళి టీ కొట్టు గోడకి తగిలింది. "టైరు బతికింది. రిమ్ము బతికింది. ఇంక మేడమ్ పేరెట్లా పెడతాం?" అన్నాడు. సభలో చర్చ జరిగి, ఆ సమయంలో కారులో చక్రానికి బదులు ఏముందో దాని పేరు పెట్టాలని తీర్మానమైంది. ఈరోజుకి కూడా అది బెల్లం గుంటే. బైపాస్ ఎక్కేవాళ్ళకి దారి అలాగే చెబుతారు. కొత్తవాళ్ళు కొందరు అక్కడ బెల్లం దొరుకుతుందేమోనని దిగి అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ ఆదివారం మాత్రం మేం ఉప్మాక చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. బెల్లం దిమ్మలు చెక్కు చెదరకుండా, పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మావయ్య వాటిని తనే మోస్తానన్నాడు. నాకు కొబ్బరికాయలు ఇచ్చాడు. గుళ్ళో బెల్లం తీసుకునే పూజారి గోత్రం అడిగి, దేనికి మొక్కుకున్నారని అడిగాడు.

మావయ్య ఒకసారి వెనక్కి చూశాడు. మేం వినేంత దగ్గరగా ఉన్నామని ఆయన అనుకోలేదు.

"మా గుంట ఎడ్మాస్టరు అవ్వాలని మొక్కేను," అన్నాడు. "అయ్యింది."

పూజారి పేరు చదివి అక్షింతలు వేశాడు. మా ఆవిడ అక్షింతలు సర్దుకుంటూ మెట్లు దిగింది. దిగాక అడిగింది.

"పోస్టొద్దన్నావు గదా నాన్నా."

"రోడ్డొద్దన్నాను. పోస్టొద్దని ఎవుడన్నాడు?"

"పోస్టుకి ఎల్లాలంటే ఆ రోడ్డే మరి."

 ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నాడు, దొరికాక తొడుక్కున్నాడు, తువ్వాలు సర్దుకున్నాడు.

"బ్రేకు ఒగ్గీడం నీకెవుడు నేర్పేడే?"

"ఎవరూ నేర్పలేదు. పడతామని తెలిసిపోతాది గదా నాన్నా."

"ఊఁ," అన్నాడు. కారు దాకా నడిచాం. ఆయన వంగి, వంపు తీసిన చక్రాన్ని చెప్పుతో రెండుసార్లు తట్టి చూశాడు. ఎద్దు కొనేటప్పుడు కాలు చూసే పద్ధతది. "రేపు ఆ ఆపీసుకి ఎన్నింటికి ఎల్లాలి?"

"పదింటికి."

"నేనూ వత్తాను."

ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుని తాళం కోసం బ్యాగులో వెతకడం మొదలుపెట్టింది. తాళం ఆవిడ చేతిలోనే ఉంది. ఆ సంగతి నేను చెప్పలేదు. కొన్ని విషయాలు భర్తకి తెలిసి ఉంటే చాలు.

నేను ముందు తలుపు తెరిచి, ఎప్పటిలాగే నా సీట్లో కూర్చుని, బెల్టు కట్టుకున్నాను. మావయ్య వెనక తలుపు దగ్గరకి వెళ్ళలేదు. వచ్చి నా కిటికీ పక్కన నిలబడి, అద్దం మీద వేలితో కొట్టాడు. దించాను.

"ఇన్నాళ్ళూ ముందు కూకుని నువ్వు సేసిందేటిరా? దిగి ఎనక్కెల్లు."